చావు భయాన్ని స్టోయిక్ పద్ధతిలో ఎదుర్కోవడం ఎలా?

మన చేతిలో ఉన్నదాన్ని, లేనిదాన్ని వేరుచేసి చూడమన్న ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తలే స్టోయిక్కులు. వాళ్ల మాటల ఆధారంగా రోజూ చేసే రాత సాధన ఇది. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, లేదా బతకాలనిపించడం లేదన్న ఆలోచనలు వస్తుంటే ఈ సాధన ఇప్పుడు మొదలుపెట్టకండి. డాక్టర్ని కలవండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

కావలసినవి ఒక నోటుబుక్కు, పెన్ను, రోజూ పొద్దున పది నిమిషాలు. ఫోన్‌లో రాయకూడదు. పుర్రె బొమ్మల వాల్‌పేపర్లు, ఆయుష్షును వారాల గళ్లుగా గీసిన చార్టులు అక్కర్లేదు. నాలుగు రోజులకే అవి గోడ మీది పాత క్యాలెండర్‌లా కంటికి ఆనడం మానేస్తాయి. ఎవరైనా పోయినప్పుడు మాత్రమే చావు గురించి ఆలోచించడం కూడా పనికిరాదు. మనవాళ్లు శ్మశాన వైరాగ్యం అన్నది దాన్నే: స్నానం చేసి ఇంట్లోకి వచ్చేసరికి పోతుంది. స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ చావును రోజూ కళ్ల ముందు ఉంచుకోమన్నాడు.

1. భయాన్ని విడగొట్టండి

‘చావంటే భయం’ అని రాసి ఊరుకోకండి. పోయేటప్పటి నొప్పా? పిల్లల చదువు, ఇంటి అప్పు ఏమవుతాయన్న బెంగా? అనుకున్నది చేయకుండానే పోతానన్న దిగులా? అసలు ‘నేను’ లేకుండా పోవడమా? మీది ఏదో తేల్చుకోండి. అప్పు, చదువుల బెంగకి తత్వశాస్త్రం వద్దు. టర్మ్ ఇన్సూరెన్స్, బ్యాంకు నామినీ, వీలునామా ఈ వారంలోనే చూసుకోండి. చేతిలో ఉన్న పని వదిలేసి మనసును ఓదార్చుకోవడం స్టోయిక్ పద్ధతి కాదు.

2. రెండు వాక్యాలు రాయండి

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే.

మొదటి వాక్యంలో జరిగేది మాత్రమే ఉండాలి: ‘నేను ఏదో ఒకరోజు చనిపోతాను.’ రెండోది దానికి మీరు తగిలించినది: ‘అది ఘోరం.’ చావు నిజంగా భయంకరమైతే, విషం తాగి నిబ్బరంగా పోయిన గ్రీకు తత్వవేత్త సోక్రటీస్‌కీ అలాగే తోచి ఉండేదని, భయపెడుతున్నది దాని మీద మన అభిప్రాయమేనని ఎపిక్టెటస్ వాదన. కాబట్టి పరీక్షించాల్సింది రెండో వాక్యాన్నే.

దాన్ని కొట్టేసి ‘నాకు భయం లేదు’ అని రాయకండి. అది అబద్ధం, మీ గుండెకి తెలుసు. భావాల్ని అణచిపెట్టడమే స్టోయిసిజం అన్న ప్రచారం వల్ల జరిగే నష్టమిది. ఇటలీలోని బ్రుండీసియం రేవుకు వెళ్తున్న ఓడ తుఫానులో చిక్కినప్పుడు అందులోని స్టోయిక్ గురువు కూడా పాలిపోయాడని రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఔలస్ గెల్లియస్ రాశాడు. ఆ తర్వాత అడిగితే ఆ గురువు, ఎపిక్టెటస్ పుస్తకంలోని మాటలే చూపించాడు: మొదటి ఉలికిపాటు జ్ఞానికీ వస్తుంది, అది మన చేతిలో లేదు. దానికి ‘అవును, ఇది ఘోరమే’ అని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మాత్రమే మన చేతిలో ఉంది. గుండె దడదడలాడితే ఆడనివ్వండి, అది తగ్గేదాకా పెన్ను కదపకండి.

తగ్గాక అడగండి: ఘోరం అనడానికి ఆధారమేంటి? లేకుండా పోవడమే మీ భయమైతే రోమన్ స్టోయిక్ సెనెకా దారి మంచిది. ఆయనకి వచ్చే ఉబ్బసాన్ని వైద్యులు చావుకి రిహార్సల్ అనేవారట. అలాంటి ఒక దాడి తర్వాత, పోయాక ఉండబోయేది పుట్టకముందు ఉన్నదేనని రాసుకున్నాడు. ఆ కాలం మిమ్మల్ని బాధపెట్టిందా? జవాబు మీ మాటల్లో రాయండి, ఆయన మాట ఎత్తి రాస్తే పనిచేయదు.

ఐసీయూ, పాడె, ఏడుస్తున్న బంధువులు, ఇలా సినిమా తీయడం మొదలైతే వెంటనే ఆపండి. దాంతో భయానికి మేత వేసినట్టే. పది నిమిషాలు దాటకూడదన్నది కూడా అందుకే. చావు మంచిదని ఒప్పించుకోనూ వద్దు. వీలైనంతవరకు ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని కోరుకోవడమే సహజమని స్టోయిక్కులూ అన్నారు. బీపీ మాత్ర వేసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి.

3. మీవాళ్ల గురించి

రెండో మెట్టు నెల రోజులు నడిచాకే దీని జోలికి రండి. బిడ్డని ముద్దుపెట్టుకునేటప్పుడు మరణం ఉన్న మనిషినే ముద్దాడుతున్నానని గుర్తుచేసుకోమన్నాడు ఎపిక్టెటస్. దీన్ని చదివి మనసు దూరం చేసుకునేవాళ్లున్నారు. అది తప్పు. గుర్తొచ్చిన క్షణంలో ఫోన్ పక్కన పెట్టి బిడ్డ చెప్పేది వినాలి, సాధన అదే. సంతానంలో చాలామందిని చిన్నతనంలోనే పోగొట్టుకున్న రోమన్ చక్రవర్తి, స్టోయిక్ మార్కస్ ఆరిలియస్, ‘బిడ్డ పోకూడదు’ అని కాకుండా ‘పోతుందన్న భయం పోవాలి’ అని ప్రార్థించమని తనకు తానే చెప్పుకున్నాడు.

4. రాత్రి

రాత్రి చావు ఊసు వద్దు, నిద్ర పాడవుతుంది. దీపం తీసేశాక సెనెకా చేసినట్టు ఆ రోజు ఎక్కడ తప్పాను, ఎక్కడ నిలబడ్డాను అని ఒకసారి చూసుకుని పడుకోండి.

నెలకోసారి పాత పేజీలు తిరగేయండి. రెండో వాక్యం ‘ఘోరం’ నుంచి ‘ఇష్టం లేదు’ దాకా వచ్చినా సాధన సరిగ్గానే సాగుతోంది. ఒక్క మాటా మారకపోతే మొదటి మెట్టుకి వెళ్లండి. చాలాసార్లు అసలు భయం వేరేది అయి ఉంటుంది, మీరు రాసినది దాని పైపొర మాత్రమే.