మునిగిన దారులు – 3వ పాఠం: లోతు అంకెలు చదవడం

పటంలో తీరరేఖలు గుర్తుపట్టడం పోయిన పాఠంలో చూశాం. ఈసారి అసలు పని: రెండు ఖండాల మధ్య ఒకప్పుడు నేల ఉండేదా లేదా అని సముద్ర పటం చూసి తేల్చడం.

మన కొలబద్ద 120 మీటర్లు. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు అంత నీరు నేల మీద మంచుగా పేరుకుపోయి, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది.

బేరింగ్ జలసంధి పటం తెరవండి. అంకెలు మీటర్లలో ఉన్నాయో ఫాదమ్‌లలో ఉన్నాయో ముందు చూడండి. ఒక ఫాదమ్ అంటే 1.83 మీటర్లు; ఇక్కడ తొందరపడితే లెక్కంతా తప్పుతుంది. ఇప్పుడు అలాస్కాలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అగ్రం మీద వేలు పెట్టి, డయోమీడ్ దీవుల మీదుగా రష్యా వైపు దెజ్‌న్యోవ్ అగ్రం దాకా నెమ్మదిగా జరపండి. దాదాపు 85 కిలోమీటర్లు. వేలి కింద వచ్చే అంకెలు చాలావరకు 30కీ 50కీ మధ్యే ఉంటాయి, 120 దాటేది ఒక్కటీ ఉండదు. అంటే ఇక్కడ నేల ఉండేది.

అక్కడితో ఆగకండి. ఉత్తరాన చుక్చీ సముద్రం, దక్షిణాన బేరింగ్ సముద్రం మీదికి కూడా 120 మీటర్ల లోతున్న చోట్లను కలిపే గీతను పెన్సిల్‌తో కొనసాగించండి. వెయ్యి కిలోమీటర్లకు పైగా వెడల్పున్న మైదానం బయటపడుతుంది. మామత్‌లు (మంచుయుగపు బొచ్చు ఏనుగులు) మేసిన నేల అది. మొదటిసారి ఆ గీత పూర్తయినప్పుడు కలిగే ఆశ్చర్యం కోసమైనా ఈ పని చేతితో చేయాలి, కంప్యూటర్‌కు వదిలేయకూడదు.

ఇక ఇండోనేషియాలో బాలి, లాంబోక్ దీవుల మధ్య జలసంధి చూడండి. ఇరుకైన చోట 20 కిలోమీటర్లే. వెడల్పు చూస్తే కలిసే ఉండేవనిపిస్తుంది. కానీ ఎటునుంచి దాటినా లోతు 200 మీటర్లు దాటుతుంది. అంటే ఇక్కడ నేల ఉండేది కాదు. బాలిలో ఒకప్పుడు పులులు ఉండేవి, లాంబోక్‌లో లేవు. 1856లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఈ నీళ్లు దాటగానే పక్షులు మారిపోవడం గమనించాడు: బాలిలో కనబడని తెల్ల కాకటూలు (చిలుకల్లాంటి పక్షులు) లాంబోక్‌లో కనిపించాయి.

కాబట్టి పద్ధతి ఇది: ముందు అన్నిటికంటే తక్కువ లోతున్న దారి వెతకండి, తర్వాత ఆ దారిలో అతి పెద్ద అంకె ఏదో చూడండి. తీర్పు చెప్పేది ఆ అంకే. వెడల్పుతో పనిలేదు.

అభ్యాసం: ధనుష్కోటి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ దాకా ఇదే పద్ధతిలో చేసి, సముద్రం ఎన్ని మీటర్లు దిగితే దారి తెగకుండా కలుస్తుందో రాసిపెట్టుకోండి. ఆ అంకె నుంచి నేల ఎప్పుడు మునిగిందో రాబట్టడం నాలుగో పాఠం.