గంజాయి అమ్మే ఇంటిని పోలీసులు ఎలా సోదా చేయాలి? వారెంటు లేకుండా వెళ్లే అధికారం, దాని షరతులు

మత్తు పదార్థాలు దాచిన ఇంట్లోకి వారెంటు లేకుండా వెళ్లవచ్చు, తలుపు తీయకపోతే పగలగొట్టవచ్చు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల నియంత్రణ చట్టం) సెక్షన్ 42 ఇచ్చిన అధికారం ఇది. మామూలు దొంగతనం కేసులో పోలీసులకు ఇంత వెసులుబాటు ఉండదు. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏం రాసి, ఎన్ని గంటల్లో ఎవరికి పంపాలో చట్టం విడమరిచి చెప్పింది. బస్తాల కొద్దీ గంజాయి పట్టుకున్నా, ఈ కాగితాల్లో తేడా వస్తే ముద్దాయి నిర్దోషిగా బయటికి రావచ్చు.

బయల్దేరే ముందు

సమాచారం అందగానే దాన్ని రాతలో పెట్టాలి. ఏ వీధి, ఏ ఇల్లు, ఏ సరుకు, ఎన్ని గంటలకు తెలిసింది అన్నవి అందులో ఉండాలి. ఎవరు చెప్పారో రాయక్కర్లేదు. ఆ పేరు బయటపెట్టమని అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరని సెక్షన్ 68 చెబుతోంది. రాసిన దాని నకలు 72 గంటల్లోగా పై అధికారికి చేరాలి. ఎస్‌ఐ నోటితో సీఐకి ఫోన్‌లో చెప్పి బయల్దేరితే సరిపోదు. అత్యవసరంలో రాత కాస్త ఆలస్యమైతే, సరైన కారణం చూపితే కోర్టు ఒప్పుకుంటుంది. అసలు రాయనే లేదంటే ఒప్పుకోదు. కర్నైల్ సింగ్ కేసులో 2009లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన మాట ఇది.

ఈ సోదా కానిస్టేబుల్ చేయకూడదు. అంతకు పై హోదాలో ఉండి, ప్రభుత్వం అధికారం ఇచ్చిన వారే చేయాలి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా అయితే ఇంతే. పొద్దుగూకాక వెళ్లాలంటే ఇంకో కాగితం కావాలి: వారెంటు కోసం ఆగితే సరుకు మాయమవుతుందని, లేదా మనిషి పారిపోతాడని ఎందుకు అనుకుంటున్నారో ముందే రాసుకోవాలి. రాత్రి దాడుల్లో ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

బస్టాండు, రైల్వే ప్లాట్‌ఫారం లాంటి బహిరంగ స్థలాలకు సెక్షన్ 43 వర్తిస్తుంది, అక్కడ ఈ ముందస్తు రాత అక్కర్లేదు. కానీ రోడ్డు పక్కన ఆగి ఉన్న సొంత కారు బహిరంగ స్థలం కాదని 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంటి దగ్గర

ఇద్దరు స్వతంత్ర మధ్యవర్తులు, అంటే సోదాకు సాక్షులు, వెంట ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 105 ప్రకారం సోదా మొత్తాన్ని వీడియో తీయాలి, ఆ రికార్డింగును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. సరుకు దొరికాక కెమెరా ఆన్ చేస్తే, అంతకుముందు ఏం జరిగిందన్న ప్రశ్న విచారణలో తప్పకుండా వస్తుంది.

ఇల్లు వెతకడం వేరు, మనిషి ఒంటిని వెతకడం వేరు. జేబులు, నడుము తడమాలంటే సెక్షన్ 50 పాటించాలి: 'దగ్గరలోని గెజిటెడ్ అధికారి ఎదుటగానీ, మేజిస్ట్రేటు ఎదుటగానీ సోదా కోరే హక్కు నీకుంది' అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలి. మన దగ్గర తరచూ తహసీల్దార్‌ను పిలుస్తారు. 'లేదా మా దాడి బృందంలోని అధికారి ఎదుటైనా సరే' అని మూడో దారి చూపడం తప్పని, అందరికీ కలిపి ఒకే నోటీసు ఇవ్వడం కూడా చెల్లదని పరమానంద్ కేసులో (2014) కోర్టు చెప్పింది. మహిళను మహిళే సోదా చేయాలి. చేతిలోని బ్యాగుకు, మంచం కింది మూటకు సెక్షన్ 50 వర్తించదు.

తూకం దగ్గర

గంజాయి కిలో దాకా 'చిన్న పరిమాణం', 20 కిలోలు మించితే 'వాణిజ్య పరిమాణం'. మొదటిదానికి ఏడాది వరకు జైలు. రెండోదానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై, బెయిలు కూడా చాలా కష్టం. కాబట్టి బ్రౌన్ టేపు చుట్టిన రెండు కిలోల ప్యాకెట్లు పది దొరికితే, కవరుతో ఎంత, కవరు తీశాక ఎంత అన్నది విడిగా రాయాలి. టేపు, ప్లాస్టిక్ బరువు నాలుగైదు వందల గ్రాములు ఉన్నా శిక్ష పదేళ్ల మేర మారిపోవచ్చు. పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు ఉన్నాయా లేదా అన్నదీ రాయాలి. అవి లేకుండా ఒట్టి ఆకులు, గింజలే దొరికితే చట్టం దృష్టిలో అది గంజాయి కాదు.

నమూనాలు తీయాల్సింది ఆ ఇంట్లో కాదు, మేజిస్ట్రేటు ఎదుట. 2022 డిసెంబరు నిబంధనల ప్రకారం గంజాయికి 24 గ్రాములకు తగ్గకుండా, రెండు ప్రతులుగా తీయాలి. హెరాయిన్ లాంటివైతే 5 గ్రాములు చాలు. ముఖ్యంగా చూడాల్సింది సీలు. సోదాలో వేసిన సీలు, స్టేషన్ రిజిస్టరులో రాసిన సీలు, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నివేదికలో కనిపించే సీలు ఒకటే కావాలి.

అరెస్టు, జప్తు జరిగిన 48 గంటల్లో పూర్తి నివేదిక పై అధికారికి వెళ్లాలి.

ఇంటి యజమానులు, ఇరుగుపొరుగు

ఇల్లు అద్దెకిచ్చి, లోపల సరుకు అమ్ముతున్నారని తెలిసీ ఊరుకుంటే సెక్షన్ 25 కింద యజమానికీ అదే శిక్ష. తెలియకపోతే నేరం కాదు. అందుకే అద్దె ఒప్పందం, అద్దెదారుడి గుర్తింపు కార్డు నకలు దగ్గర పెట్టుకోవాలి. అనుమానం వస్తే ఆ రోజే ఫిర్యాదు చేయాలి. ఆధారం లేకుండా వేధించడానికి సోదా చేసిన అధికారికి సెక్షన్ 58 కింద ఆరు నెలల వరకు జైలు ఉంటుంది. పగతో తప్పుడు సమాచారమిచ్చి సోదా చేయించిన వారికైతే రెండేళ్ల వరకు.

సమాచారం ఇవ్వాలంటే ఫోన్ నంబర్లు: దేశమంతటా 1933, ఆంధ్రప్రదేశ్‌లో మత్తు పదార్థాల కట్టడికి పనిచేసే 'ఈగల్' పోలీసు విభాగానికి 1972. ఫోన్‌లో విన్నది వేరు, కళ్లతో చూసింది వేరు అని విడదీసి చెప్పండి. ఇంటి గుర్తులు, మనుషులు వచ్చిపోయే వేళలు, బండి నంబరు చెబితే అధికారి రాసుకునే మొదటి కాగితానికి బలం వస్తుంది.