వండర్‌లాకి బయల్దేరే ముందు: ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల ఇళ్లకు జాగ్రత్తలు

సెలవులొస్తే బెజవాడ, గుంటూరు పిల్లలు హైదరాబాద్ అంటారు, హైదరాబాద్ అనగానే ఊరి చివర రావిర్యాలలో ఉన్న రైడ్ల పార్కు వండర్‌లా అంటారు. ఇంట్లో ఆటిజమో ఏడీహెచ్‌డీయో (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉన్న పిల్లవాడు ఉంటే పెద్దవాళ్లు రెండు రకాలుగా తేలుస్తారు. కొందరు "వాడితో అక్కడికా, వద్దులే" అని మానేస్తారు. ఇంకొందరు "వెళ్తే వాడే అలవాటు పడతాడు" అని తెల్లారగట్ల నిద్రలో ఉన్నవాణ్ణి కారెక్కిస్తారు. తీసుకెళ్లొచ్చు, హాయిగా తీసుకెళ్లొచ్చు. కాకపోతే దానికి కొన్ని వారాల తయారీ కావాలి.

అన్నిటికంటే ముందు, టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలనే లెక్క ఇంట్లోనే వదిలేయండి. "ఇంత పోసి కొన్నాం, ఇంకొక్క రైడ్ ఎక్కరా" అన్న చోటే సగం గొడవలు మొదలవుతాయి. వాడు మూడు రైడ్లు ఎక్కి చాలన్నాడంటే, ఆ రోజుకి అంతే. అన్నయ్యకో చెల్లికో ఇంకా ఆడాలని ఉంటే ఒకరు వాళ్లతో ఉండిపోతారు, ఇంకొకరు వీణ్ణి తీసుకుని బయటికి వచ్చేస్తారు. అందుకే ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా వెళ్లొద్దు. బాబాయినో మేనమామనో కూడా తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది.

ఏ రోజు, ఏ దారి

ఆదివారాలు, రెండో శనివారాలు, దసరా సంక్రాంతి సెలవులు, మే నెల మొత్తం కొట్టేయండి. బడులు తెరిచాక జూన్ చివర్లో మంగళ, బుధవారాలు నయం. చలికాలం వాతావరణం బాగుంటుంది కానీ నవంబర్ నుంచి బడుల ఎక్స్‌కర్షన్ బస్సులు మొదలవుతాయి. మీరు అనుకున్న రోజున పెద్ద గ్రూపులు ఉన్నాయా అని పార్కుకి ఫోన్ చేసి కనుక్కోండి.

విజయవాడ నుంచి 65వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, సిటీ ట్రాఫిక్, హారన్ల మోత లేకుండా రావిర్యాల చేరుకోవచ్చు. ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోవద్దు. ఐదు గంటలు కారులో కూర్చుని దిగిన పిల్లవాడు గేటు దగ్గరికి వచ్చేసరికే సగం అలసిపోయి ఉంటాడు. ముందు రోజు వెళ్లి ఒక రాత్రి పడుకోండి. వాడి దుప్పటి, దిండు ఇంటినుంచే పట్టుకెళ్లండి.

బెజవాడలోనే రిహార్సల్

యూట్యూబ్‌లో ఆ పార్కు రైడ్ల వీడియోలు బోలెడు ఉన్నాయి. గేటు, క్యూ, రైడ్, తిండి, ఇల్లు అనే వరుసలో ఫోటోలు అట్ట మీద అంటించి రోజూ చూపించండి. "రైడ్ మూసి ఉంది" అనే ఫోటో కూడా ఒకటి పెట్టండి. వాన పడితేనో మిషన్ ఆగితేనో రైడ్లు నిలిపేస్తారు. ఆ సంగతి ముందే తెలిసిన పిల్లవాడికీ, అక్కడికక్కడ విన్నవాడికీ చాలా తేడా ఉంటుంది. ఎవరూ హామీ ఇవ్వలేనిదాన్ని "తప్పకుండా ఎక్కుదాం" అని మాటివ్వొద్దు.

చాలామందికి తట్టనిది బట్టల సంగతి. నీటి రైడ్లకి కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లాంటి సింథటిక్ ఈత దుస్తులే వేసుకోవాలి. మెత్తటి కాటన్ తప్ప ఏదీ ఒంటి మీద ఉండనివ్వని పిల్లలకి ఇది పెద్ద పరీక్ష. రెండు మూడు వారాల ముందే కొని, లేబుళ్లు కత్తిరించి, రెండుసార్లు ఉతికి, ఇంట్లో స్నానం చేసేటప్పుడు తొడగండి. తడిసినప్పుడు ఒంటికి అంటుకునే తీరే వాళ్లకి అసలు ఇబ్బంది. ఎంత చేసినా ఒప్పుకోకపోతే నీటి రైడ్లు వదిలేసి మామూలు రైడ్లతో సరిపెట్టండి. లైఫ్ జాకెట్ బిగింపు అలవాటు కావడానికి భవానీ ద్వీపం బోటు మంచి అవకాశం, వరద లేని రోజుల్లో.

క్యూ అలవాటు చేయడానికి కొందరు కొండ మీద అమ్మవారి గుడికి తీసుకెళ్తారు. మామూలు రోజుల్లో అయితే సరే, దసరాలో మూలా నక్షత్రం రోజు మాత్రం వద్దు! వారం మధ్యలో ఉదయంపూట ఏదైనా మాల్‌కి వెళ్లినా చాలు: మెటల్ డిటెక్టర్, బ్యాగుల తనిఖీ, ఎస్కలేటర్, బాత్రూంలో చేతులు ఆరబెట్టే మిషన్ మోత. గేటు దగ్గర సెక్యూరిటీ ఒళ్లు తడిమి చూస్తారు, చేతికి బ్యాండ్ వేస్తారు. ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడే పిల్లలైతే గార్డుకి ముందే చెప్పి, మీ చేతిని మొదట చూపించండి. వండర్‌లాలో టికెట్ రకం ఎత్తును బట్టి ఉంటుంది. అక్కడ కొలబద్ద దగ్గర నిలబడటం కూడా ఇంట్లో గోడ దగ్గర ఆడించొచ్చు.

ఫోన్‌లో అడగాల్సినవి

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) ఉంటే దగ్గర పెట్టుకోండి. కానీ కార్డు చూపిస్తే క్యూ తప్పించేస్తారనే ధీమాతో వెళ్లొద్దు. ఏం సౌకర్యం ఇస్తారో ముందే అడిగి, మెయిల్‌లో రాయించుకోండి. ఏమీ ఇవ్వకపోతే క్యూలో ఎక్కువసేపు నిలబడక్కర్లేని ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొనండి. నా లెక్కలో ఈ ప్రయాణంలో వృథా కాని ఖర్చు అదే.

తిండి సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు. పెరుగన్నమో, ఒకే కంపెనీ బిస్కెట్లో తప్ప తినని పిల్లలు ఉంటారు. డాక్టర్ చీటీతో అడిగి చూడండి. కుదరదంటే కారులో డబ్బా పెట్టుకుని, మధ్యలో బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లనిస్తారా అని అడగండి.

మందులు, ఎండ

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ఫిట్స్ కూడా ఉంటాయి. మెరుపు లైట్లు, నిద్ర చాలకపోవడం, డోసు తప్పడం, ఈ మూడూ ఫిట్స్‌కి కారణం కావచ్చు. ఫిట్స్‌కి వాడే టోపిరమేట్ వల్ల కొందరు పిల్లలకి చెమట తక్కువ పడుతుంది, ఒళ్లు వేడెక్కిపోతుంది. ఆటిజంలో చిరాకు, దూకుడు తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులు వాడేవాళ్లు కూడా వేడికి త్వరగా వాడిపోవచ్చు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మామూలు మిథైల్‌ఫెనిడేట్ కొద్ది గంటలే పనిచేస్తుంది, ఆకలి కూడా తగ్గిస్తుంది. అంటే మధ్యాహ్నానికి మందు ప్రభావం దిగిపోయి, కడుపు ఖాళీగా, ఎండలో ఉంటాడు. డోసులు మీరే మార్చకుండా వెళ్లే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ పైభాగం ఎముకల పట్టు వదులుగా ఉంటుంది. వాళ్లని డాక్టర్ సరేనన్నాకే కుదుపుల రైడ్లు ఎక్కించాలి.

చెవులకి ఇయర్‌మఫ్స్ పెడితే క్యూలో, తిండి దగ్గర బాగా పనికొస్తాయి. స్పీడు రైడ్లలో ఎగిరిపోతాయి కాబట్టి పెట్టుకోనివ్వరు. స్పాంజి ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు ఉంచుకోండి. సీటు ముందు అడ్డుగా వేసే బార్ బిగించాక రైడ్ మధ్యలో ఆపమంటే కుదరదు. అందుకే అనుమానం ఉన్న ప్రతి రైడ్‌నీ ముందు బయట నిలబడి ఒకసారి పూర్తిగా చూడనివ్వండి.

తప్పిపోతే

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే లాగేసే ఆకర్షణ ఉంటుంది, ప్రమాదం తెలియదు. వాడు కనబడలేదంటే ఒక మనిషి వెంటనే దగ్గర్లోని పూల్ వైపు పరుగెత్తాలి, ఇంకొకరు సెక్యూరిటీకి చెప్పాలి. టాయిలెట్లు, షాపులు ఆ తర్వాత. ఆ రోజు పొద్దున్నే, వేసుకున్న బట్టలతో ఫోటో తీసి పెట్టుకోండి. నీళ్లలో కూడా కనబడే నారింజ రంగు చొక్కా వేయండి. మీ ఫోన్ నంబర్ చెరగని మార్కర్‌తో చేతి మీద రాయండి. పేరు రాయక్కర్లేదు, పేరుతో పిలిచేవాడు తెలిసినవాడే అనుకుంటారు కొందరు పిల్లలు. బయట రోడ్డు వైపు వెళ్లాడనిపిస్తే ఆలోచించకుండా 112కి చేయండి.

పెద్దయిన కొడుకుతో వెళ్లేది తల్లి, ఇంకో ఆడమనిషి మాత్రమే అయితే బట్టలు మార్చుకునే గది పెద్ద చిక్కు. ఆడవాళ్ల గదిలోకి పదమూడేళ్ల వాణ్ణి తీసుకెళ్లలేదు, మగవాళ్ల గదిలోకి తను వెళ్లలేదు. విడిగా ఫ్యామిలీ రూం ఉందా అని అడగండి, లేకపోతే నీటి రైడ్ల సమయానికి ఇంటి మగమనిషి ఒకరు పక్కన ఉండేలా చూడండి.

మెల్ట్‌డౌన్ వచ్చినప్పుడు

మెల్ట్‌డౌన్ అంటే శబ్దం, జనం భరించలేక పిల్లవాడు తన మీద తాను అదుపు కోల్పోవడం. దానికి ముందు కనబడేవి: చెవులు మూసుకోవడం, ఒకే మాట పదేపదే అనడం, నడక వేగం పెరగడం, అంతవరకూ మాట్లాడినవాడు నిశ్శబ్దమైపోవడం. ఇవి కనబడగానే ఎక్కడున్నా బయటికి నడవండి. పూర్తిగా వచ్చేశాక చెప్పే మాటలేవీ వినబడవు. నీడలో, గోడ పక్కన కూర్చోబెట్టి, మాటలు తగ్గించి, చుట్టూ జనం చేరకుండా చూసుకోవడమే పని. జనం చేరతారు. "దిష్టి తగిలిందమ్మా", "రెండు తగిలిస్తే సరి" అనేవాళ్లు ఉంటారు, ఫోన్ పెట్టి తీసేవాళ్లూ ఉంటారు. వాళ్లతో వాదించే ఓపిక అప్పుడు ఉండదు కాబట్టి నాలుగు మాటలు రాసిన కార్డు జేబులో పెట్టుకోండి: "మా బాబుకి ఆటిజం. శబ్దానికి ఇలా అయింది. కాస్త దూరంగా ఉండండి, వీడియో తీయొద్దు." అది ఇంకొకరి చేతికిచ్చి, మీరు పిల్లవాణ్ణి చూసుకోండి.

తిరిగొచ్చిన మర్నాడు బడి, థెరపీ రెండూ మాన్పించండి. నిద్ర చెడటం, చిరాకు, అదే రైడ్ గురించి రోజంతా అడగడం రెండు మూడు రోజులు ఉండొచ్చు. టీచర్‌కీ థెరపిస్ట్‌కీ ముందే చెప్పి ఉంచండి.