చెన్నైలో పాత కొరియా సెడాన్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హ్యుందాయ్ వారి సొనాటా, ఎలాంట్రా వంటి కొరియా సెడాన్లు ఒకప్పుడు ఇరవై లక్షల దాకా పలికేవి. ఇప్పుడు పాత కార్ల బజారులో కొత్త చిన్న కారు డబ్బుకే వస్తున్నాయి. సొనాటా మన దేశానికి 2001లో, ఎలాంట్రా 2004లో వచ్చాయి. ఎలాంట్రా 2012లోనూ, 2016లోనూ రూపం మార్చుకుంది. షోరూముల్లో ఇప్పుడు రెండూ లేవు. మెత్తని ప్రయాణం, వెనుక సీట్లో కాళ్ళు చాపుకునేంత చోటు, ఖరీదైన రకాల్లో మే నెల మధ్యాహ్నం కూడా వీపు తడవనివ్వని గాలి సీట్లు ఉంటాయి. ఈ డబ్బుకు ఇంతటి సుఖం మరో కారులో దొరకడం కష్టం.

కానీ తగ్గింది కారు ధర మాత్రమే. విడిభాగాలు ఇప్పటికీ ఇరవై లక్షల కారు ధరలోనే ఉన్నాయి. అందుకే ఈ కార్ల విషయంలో ఒక పట్టుదల అవసరం: కొలిచి చూపించకుండా ఏ భాగమూ మార్చనివ్వకూడదు. "ముందు ఇది మార్చి చూద్దాం సార్" అనే మాట మీ జేబు మీద చేసే ప్రయోగం.

చెన్నైలో వచ్చే సమస్యల్లో చాలావాటికి ఊరే కారణం. ఎండ, ఉప్పు గాలి, నిలిచిపోయే వాన నీరు, మెట్రో పనులతో గతుకులు పడిన ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు). కింద రాసినవన్నీ ఆ దృష్టితోనే చదవండి.

పొద్దున సెల్ఫ్ అందుకోవడం లేదు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, స్టీరింగు హెచ్చరికలు ఒక్కసారిగా వెలిగితే మూడూ ఒకే రోజు పాడయ్యాయని అనుకోకండి. వోల్టేజీ పడిపోతే కంప్యూటర్లన్నీ కలిసి ఫిర్యాదు చేస్తాయి. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీకి మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2కు దిగితే సగం ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారితే దాని రోజులు దగ్గరపడ్డాయి. ఈ ఊరి వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. మూడేళ్ళు దాటిన దానిమీద నమ్మకం పెట్టుకోకపోవడమే మంచిది.

బ్యాటరీ బాగానే ఉంటే టెర్మినళ్ళు చూడండి. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వంటి తీరం పక్క పేటల్లో తెల్లగా, పచ్చగా బూజు కట్టినట్టు పొడి పేరుకుంటుంది. తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, బాగా ఆరాక వాజలిన్ రాస్తే చాలు. బాడీకి బిగించే ఎర్త్ వైరు చివర కూడా విప్పి శుభ్రం చేయించండి. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 వరకు చూపిస్తే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు పనిచేస్తున్నట్టే. కొత్త రకాల్లో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. వాటిలో ఛార్జింగ్ అవసరాన్ని బట్టి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. హెడ్‌లైట్లు, ఏసీ వేసి కొలవకుండా ఆల్టర్నేటరు పోయిందని తీర్పు చెబితే ఒప్పుకోవద్దు. పక్క కారు నుంచి కరెంటు తీసుకునేటప్పుడు నల్ల క్లిప్పును ఆ సెన్సర్ మీద పెట్టకుండా ఇంజన్ ఇనుముకు తగిలించాలి.

బ్యాటరీ మార్చాక స్టీరింగు దీపం మిగిలిపోతే కంగారు వద్దు. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి కాస్త దూరం నడిపితే తరచుగా అదే ఆరిపోతుంది.

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఏసీ చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర వేడి గాలి వస్తుంది

షెడ్డులో మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది". అది వంటింటి సిలిండర్‌లా వాడేకొద్దీ అయిపోయే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం.

కదులుతున్నప్పుడు చల్లగా ఉండి, ఆగగానే వేడెక్కితే ముందు అనుమానించాల్సింది ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరు ఫ్యానును. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరుసలో పరీక్షించాలి. తిరుగుతున్నా చల్లదనం లేకపోతే కండెన్సరు రెక్కల మధ్య దుమ్ము, పురుగులు నిండి ఉండవచ్చు. మామూలు గొట్టం నీటితో నెమ్మదిగా కడగాలి. వాటర్ వాష్ జోరుకు ఆ పలుచని రెక్కలు మడతపడి, గాలికి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

అన్ని వేళలా చల్లదనం తక్కువగా ఉంటే గ్లోవ్‌బాక్సు వెనుక ఉండే ఏసీ ఫిల్టరు తీసి చూడండి. చేత్తోనే ఊడి వస్తుంది. అదీ బాగుంటే అప్పుడు గ్యాస్ సంగతి. నింపే ముందు లీకు పరీక్ష చేయమని గట్టిగా అడగండి. అడగకపోతే ఏటా వేసవికి గ్యాస్ పట్టిస్తూనే ఉంటారు.

ముందు సీటు కింద మ్యాట్ తడిగా ఉందా? ఏసీ నడుస్తుంటే కారు కింద నీటి చుక్కలు పడాలి, ముఖ్యంగా ఇంత ఉక్కపోత ఊళ్ళో. పడకపోతే నీరు పోయే గొట్టం మూసుకుపోయినట్టు. కింది నుంచి గాలి ఊదితే తెరుచుకుంటుంది. ముక్కిపోయిన వాసనకూ ఆ తడే మూలం. ఇల్లు చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి, ఫ్యానును మాత్రం నడవనివ్వండి.

స్టీరింగు తిప్పితే టిక్కు టిక్కుమంటోంది

ఈ కార్ల గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోగలను అంటే ఇది గుర్తుంచుకోండి. ఎలక్ట్రిక్ స్టీరింగులో మోటారుకూ దాని గేరుకూ మధ్య నక్షత్రం ఆకారంలో ఒక రబ్బరు ముక్క ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. మోటారు కుదుపు గేరుకు తగలకుండా ఆపడమే దాని పని. ఏళ్ళ తరబడి వేడికి అది గట్టిపడి, కోణాల దగ్గర అరిగి, చివరికి పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు ఇనుము ఇనుముకు తగులుతుంది.

పరీక్ష తేలిక. కారు ఆపి ఉంచి, ఇంజన్ నడుస్తుండగా స్టీరింగును కొద్దిగా ఎడమకూ కుడికీ ఆడించండి. శబ్దం చక్రాల దగ్గర కాక, మీ మోకాళ్ళ పైన స్టీరింగు కాలమ్ లోపల వినిపిస్తే దోషి ఆ రబ్బరే. కొందరు కాలమ్ మొత్తం మార్చాలంటారు. ఆ ఖర్చుకూ రబ్బరు ముక్క ధరకూ పోలికే లేదు. పని తెలిసినవారికి కొన్ని గంటల పని. విప్పే ముందు బ్యాటరీ వైరు తీశారో లేదో చూడండి, ఎందుకంటే ఆ పక్కనే ఎయిర్‌బ్యాగు ఉంటుంది.

గతుకుల్లో ముందు చక్రాల దగ్గర టకటక

దీనికి మీ అపార్ట్‌మెంటు గేటు ముందున్న స్పీడ్ బ్రేకరే పరీక్షశాల. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా దాటండి. తరువాత ఒక చక్రం ముందు, ఒకటి వెనుక ఎక్కేలా ఏటవాలుగా దాటండి. తిన్నగా వెళ్ళినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఏటవాలుగా వెళ్ళినప్పుడు చప్పుడు వస్తే లింకు రాడ్లు (చక్రాల సస్పెన్షన్‌ను యాంటీ-రోల్ బారుకు కలిపే చిన్న కడ్డీలు) అరిగినట్టు. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఆ రాడ్ల మీద బరువు పడదు కాబట్టి అవి నోరు మెదపవు. కారు నేల మీదే ఉండగా రాడ్డును చేత్తో పట్టుకుని ఊపితే వదులు తెలుస్తుంది. తక్కువ ఖర్చుతో పోయే జబ్బు ఇది. షాకబ్జార్బర్లు మార్చాలని చెప్పేవారికి ముందు ఈ రాడ్లను చూపించండి. రెండు రకాలుగా దాటినా చప్పుడు వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు, షాకబ్జార్బర్ల పై మౌంటులు చూడాలి.

అడుగు భాగం గీసుకోవడం మాత్రం జబ్బు కాదు. కారు పొడవైనది, నేల నుంచి ఎత్తు తక్కువ. నలుగురు కూర్చుంటే మరింత దిగుతుంది. ఏటవాలుగా, నెమ్మదిగా దాటడమే మార్గం. ఎత్తు పెంచే స్పేసర్లు వేయిస్తే కారు నడకలోని అందమంతా పోతుంది.

కారు ఆపి తాళం వేసినా బ్రేకు లైట్లు ఆరడం లేదు

డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాట్ మీద వెతకండి. గోరంత ప్లాస్టిక్ పెళుసు ముక్కలు కనిపిస్తే సగం సమస్య తేలిపోయినట్టే. బ్రేకు పెడల్ పై చివర ఒక రంధ్రం, దాన్ని మూస్తూ ఒక చిన్న బిరడా ఉంటాయి. పెడల్ మామూలుగా ఉన్నప్పుడు ఆ బిరడా స్విచ్చును నొక్కి ఉంచుతుంది. బిరడా పగిలి రాలిపోతే స్విచ్చు పుల్ల రంధ్రంలోంచి బయటికి పొడుచుకువస్తుంది. బ్రేకు తొక్కే ఉన్నారని కారు అనుకుంటుంది. లైట్లు ఆరవు, క్రూజ్ కంట్రోల్ పనిచేయదు, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఆటోమేటిక్ గేరు బ్రేకు తొక్కకుండానే పార్కింగు నుంచి కదిలిపోతుంది కాబట్టి ఇది ప్రమాదం కూడా. కొత్త బిరడా వచ్చేదాకా ఆ రంధ్రంలో సరిపడే ప్లాస్టిక్ బోల్టు బిగించవచ్చు.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది. బ్రేకు తొక్కినా లైట్లు వెలగవు, గేరు పార్కింగు నుంచి కదలదు. ముందు ఫ్యూజు, తరువాత స్విచ్చు చూడాలి. రోడ్డు మీద ఇరుక్కుపోతే గేరు లివరు పక్కనున్న చిన్న మూత తీసి, లోపలి మీటను నొక్కి, బ్రేకు తొక్కి గేరు మార్చుకోవచ్చు. బ్రేకు లైట్లు లేవన్న సంగతి మాత్రం మరవకండి.

గేరు మారేటప్పుడు కుదుపు

ముందు ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటులు. బ్రేకు తొక్కి గేరును డ్రైవ్‌లో ఉంచితే వణుకు పెరిగి, న్యూట్రల్‌లో తగ్గితే అనుమానం మౌంటుల మీదికే పోవాలి. తరువాత గేరు ఆయిల్. "జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాట గిండీ ట్రాఫిక్‌కు వర్తించదు. లక్ష కిలోమీటర్లలోపు మార్చడం మేలు. ఆరు గేర్ల ఆటోమేటిక్‌కు ఎస్‌పీ-ఫోర్ రకం ఆయిల్ పోయాలి. నాలుగు గేర్ల పాతవాటికి చెప్పిన ఎస్‌పీ-త్రీ దీనికి పనికిరాదు. ఆయిల్ మట్టం కొలిచే పుల్ల ఇందులో ఉండదు. ఆయిల్‌ను 50-60 డిగ్రీలకు వేడెక్కించి, మట్టం మర విప్పి చూడాలి. చల్లని బండికి అంచనాతో పోసే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

ఇంజన్ వణుకుతోంది, పికప్ తగ్గింది

స్కానర్ పెడితే పీ0301 నుంచి పీ0304 వరకు ఏదో ఒక కోడ్ రావచ్చు. చివరి అంకె ఏ సిలిండర్‌లో మంట సరిగా పడడం లేదో చెబుతుంది. ఆ సిలిండర్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ను పక్కదానితో మార్చి నడపండి. కోడ్ కూడా పక్కకు మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గు, ఆ తరువాత ఇంజెక్టరు. ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటుంటే నడపడం ఆపండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను నాశనం చేస్తుంది.

2012 నాటి సొనాటా 2.4 లీటర్ ఇంజన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది. వాల్వుల మీదుగా పోదు కాబట్టి వాటిమీద పేరుకున్న మసిని ట్యాంకులో పోసే సీసా మందులు తాకలేవు. విప్పి శుభ్రం చేయాల్సిందే. అదే ఇంజన్ వేడెక్కాక, వేగంతోపాటు పెరిగే లోతైన టకటక వినిపిస్తే వెంటనే ఆపి, ఆయిల్ మట్టం చూసి, బండిని లాగించుకుపోండి. ఈ ఇంజన్ల బేరింగులు లోహపు రజనుతో దెబ్బతినవచ్చని 2015లో అమెరికాలో అక్కడి 2011, 2012 సొనాటాలను వెనక్కి పిలిపించారు. 2016 ఎలాంట్రా 2.0 పెట్రోలు ఇంజన్‌కు ఈ మసి గొడవ లేదు.

మైలేజీ కొద్దిగా పడిపోతే ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా ఒక కారణం. దానికి షెడ్డులో మందు లేదు.

నీళ్ళలో ఆగిపోయింది

సెల్ఫ్ కొట్టకండి. ఈ పరిస్థితిలో ఇంకేమీ గుర్తులేకపోయినా పరవాలేదు. నీరు అణగదు. గాలి దారిలో సిలిండర్‌లోకి చేరిన నీటిమీద పిస్టన్ తోస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ వైరు తీసి, ముందు చక్రాలు ఎత్తి లాగించుకెళ్ళి, ప్లగ్గులు విప్పి నీరు తీయించాలి. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే దాన్నీ మార్చాలి. మామూలు బీమా ఈ నష్టాన్ని తరచుగా ఒప్పుకోదు. ఇంజన్‌కు విడిగా రక్షణ తీసుకుని ఉండాలి. వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరుసకట్టడం చూసి నవ్వేవారు ఆ బిల్లు చూడనివారే.

2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచిన మిచాంగ్ తుపానులోనూ మునిగిన కార్లు ఎన్నో. కొనేముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో మట్టి గీత ఉంటే బేరం అక్కడితో ఆపండి. బయటి భాగాన్ని ఉతుకుతారు గానీ, చుట్ట లోపలి భాగాన్ని ఎవరూ ఉతకరు. సీట్ల కింది బోల్టులు, స్టెప్నీ గుంట కూడా చూడండి.

భాగాల కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డు కొట్లలో అడగండి, తరువాత పుదుప్పేట. పుదుప్పేటలో అద్దాలు, తలుపుల హ్యాండిళ్ళు, హెడ్‌లైట్లు, లోపలి ప్లాస్టిక్ భాగాలు నిశ్చింతగా కొనవచ్చు. బ్రేకు భాగాలు, ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు, స్టీరింగు కాలమ్ అక్కడ ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.