నైట్ హాల్ట్ చూసుకుని తొక్కాలి: మనాలీ నుంచి లేహ్‌కు సైకిల్ మీద

ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా బస్సు తోలాను. మదనపల్లె డిపోలో ఉన్నప్పుడు హార్సిలీ హిల్స్ సర్వీసు తరచుగా నాకే పడేది. రిటైరయ్యాక, 2024 ఆగస్టు చివర్లో, మా అక్క కొడుకుతో కలిసి మనాలీ నుంచి లేహ్‌కు సైకిల్ మీద వెళ్లాను. రోహ్‌తాంగ్ కనుమ మీదుగా దాదాపు 475 కిలోమీటర్ల దారి. మాకు పదిహేడు రోజులు పట్టింది. మా ఊళ్లో ఇంకో నలుగురు వచ్చే ఏడాదికి తయారవుతున్నారు. వాళ్ల కోసం, వాళ్లలాంటి అందరి కోసం ఇది రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కారు అని. నేను నైట్ హాల్టులతో మొదలుపెడతాను. బస్సు డ్యూటీలో రాత్రి ఎక్కడ ఆగాలో చార్టులో రాసి ఉంటుంది. ఈ దారిలో ఆ చార్టు మనమే రాసుకోవాలి, అందులో కిలోమీటర్ల పక్కన ఎత్తు కూడా రాసుకోవాలి. మనిషి 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటుకంటే ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట రెండు రాత్రులు ఆగాలి. పగలు ఎంత ఎత్తుకైనా ఎక్కి దిగొచ్చు. పడుకునే ఎత్తే లెక్క.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో మేం చూశాం. ఈ దారిలో దార్చా అనే ఊరు 3,360 మీటర్ల ఎత్తులో ఉంది. దాని తర్వాతి హాల్టు జింగ్‌జింగ్‌బార్ 4,270. మేనల్లుడికి 29 ఏళ్లు, మారథాన్లు పరిగెత్తే కుర్రాడు. "మామా, మధ్యాహ్నానికే పైకి వెళ్లిపోదాం" అన్నాడు. వాడి కాళ్లను చూసి నేనూ సరే అన్నాను. ఒక్క రోజులో 900 మీటర్లు ఎక్కి పడుకున్నాం. రాత్రి తొమ్మిదికి వాడికి తలనొప్పి మొదలైంది, పన్నెండుకు వాంతి. తెల్లారేసరికి టీ కూడా లోపల ఆగలేదు. నాకేమో ఏమీ కాలేదు. వయసుకీ, వ్యాయామానికీ, ఎత్తులో గాలి పలచబడి వచ్చే ఈ జబ్బుకీ పెద్దగా సంబంధం లేదని అప్పుడు తెలిసింది. లేహ్ వైపు నుంచి ఖాళీగా వస్తున్న లారీని ఆపి, నేనూ డ్రైవర్‌నేనని వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాను. ఆయన సైకిళ్లు పైన కట్టించి మమ్మల్ని దార్చాలో దించాడు, డబ్బు తీసుకోలేదు. సాయంత్రానికి వాడు అన్నం తిన్నాడు. రెండు రాత్రులు అక్కడే ఉండి, ఈసారి మధ్యలో పట్‌సేవు దగ్గర, సుమారు 3,800 మీటర్ల ఎత్తులో ఒక రాత్రి పడుకుని, ఆ మర్నాడు జింగ్‌జింగ్‌బార్ చేరాం. ఈసారి ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ విషయంలో ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, బారాలాచా లా దాటాక తప్పు దిద్దుకునే వీలు దాదాపు ఉండదు. ఆ కనుమ 4,890 మీటర్లు. దాన్ని దాటి సర్చూలో పడుకున్నారనుకోండి, అది 4,290. అక్కడ జబ్బు చేస్తే కిందికి దిగడానికి వెనక్కి వెళ్లాలన్నా మళ్లీ బారాలాచా ఎక్కాలి, ముందుకు వెళ్లాలన్నా 5,000 మీటర్లు దాటిన కనుమలు ఎక్కాలి. దిగాలన్నా ముందు ఎక్కాల్సిన చోటు అది. అందుకే ఒళ్లు ఎలా ఉందో జింగ్‌జింగ్‌బార్‌లోనే తేల్చుకోండి. తలనొప్పి ఉంటే అక్కడి నుంచి పైకి కదలొద్దు. తగ్గకుండా పెరుగుతుంటే దిగిపోవాలి. కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు, మాట తడబడటం, గీత మీద మడమకు వేలు ఆనించి నడవమంటే తూలడం, వీటిలో ఏది కనిపించినా రాత్రా పగలా అని చూడకుండా ఏ బండి దొరికితే ఆ బండిలో కిందికి వెళ్లాలి. పాంగ్ దగ్గర సైన్యం శిబిరం ఉంది, ప్రాణం మీదికొస్తే అక్కడ వైద్యం అడగొచ్చు. ఈ ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరే ముందే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడని వాళ్లయితే ఆ మాట తప్పకుండా చెప్పాలి. నా వయసు వాళ్లు గుండె పరీక్షలు చేయించుకోకుండా బయల్దేరొద్దు. నేను టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష, చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే రైలు టికెట్టు తీశాను.

మా హాల్టులు ఇలా సాగాయి, లారీలో వెనక్కి వచ్చింది తీసేసి చెప్తున్నాను. ముందు మనాలీలో మూడు రాత్రులు, పగలు కోఠీ దాకా ఎక్కి దిగడం. తర్వాత మఢీ. ఆ మర్నాడు 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ దాటి సిస్సూ. కేలాంగ్‌లో రెండు రాత్రులు. దార్చా, పట్‌సేవు, జింగ్‌జింగ్‌బార్. సర్చూలో రెండు. విస్కీ నాలా, పాంగ్, దేబ్రింగ్, రుమ్‌త్సే, లేహ్. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం వచ్చాక బండ్లన్నీ అటే వెళ్తున్నాయి, రోహ్‌తాంగ్ పాత దారిలో రద్దీ తగ్గింది. సైకిలుకు ఆ పాత దారే మంచిది. ఒకసారి దాదాపు 4,000 మీటర్ల దాకా ఎక్కి మళ్లీ 3,100కు దిగి పడుకుంటాం కాబట్టి ఒళ్లు అలవాటు పడుతుంది. పైగా ఎడారి ఎలా మొదలవుతుందో కళ్లారా చూస్తాం. ఇవతల దేవదారు చెట్లు, వాన, బురద. రుతుపవన మేఘాలను ఆ కొండలే ఆపేస్తాయి. అవతలికి దిగే కొద్దీ పచ్చదనం పలచబడుతుంది, దార్చా దాటాక రాయీ దుమ్మూ తప్ప ఏమీ ఉండదు. మా పక్క అనంతపురం జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాన్నే మనం కరువు సీమ అంటాం. లేహ్‌కు పడేది 100 మిల్లీమీటర్లే.

రోజులో ఏ వేళకు ఎక్కడుండాలనేది రెండో లెక్క. పొద్దున్నే ఐదున్నరకు కదిలి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆ రోజు పని ముగించాలి. పగలు ఎండకు పైనున్న మంచు కరిగి వాగులు పొంగుతాయి. పొద్దున పాదం తడిపిన వాగు, సాయంత్రం నాలుగింటికి మోకాలి దాకా వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల వంతెనలు పడ్డాయి, అయినా జింగ్‌జింగ్‌బార్‌కూ బారాలాచాకూ మధ్య రెండు చోట్ల నీళ్లు రోడ్డు మీదే పారుతున్నాయి. బూట్లు తీసి చెప్పులు వేసుకుని, సైకిల్‌ను దిగువ వైపు పెట్టుకుని నడిపించండి. సైకిల్ పైవైపు ఉంటే నీటి తోపుకు మన మీదే పడుతుంది. గాలి కూడా మధ్యాహ్నమే లేస్తుంది. పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానం 40 కిలోమీటర్ల పొడవున దాదాపు చదునుగా ఉంటుంది, రోడ్డు బాగుంటుంది. పది గంటల లోపు దాన్ని హాయిగా తొక్కొచ్చు. మేం పాంగ్‌లో ఆమ్లెట్ కోసం గంటన్నర ఆగాం. ఆ గంటన్నరకు చివరి పది కిలోమీటర్లు ఎదురుగాలిలో రెండు గంటలు తొక్కాల్సి వచ్చింది. దూరంగా కియాంగ్ అనే అడవి గాడిదలు మంద కట్టి నిలబడి మమ్మల్నే చూశాయి. వాటి కోసం ఆగినందుకు మాత్రం నాకు ఏ విచారమూ లేదు.

ఎక్కడం గురించి పెద్దగా చెప్పేది లేదు. తొలి గేరులో, మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి. గంటకు ఐదారు కిలోమీటర్లు వస్తే చాలు. మాట తెగుతోందంటే దిగి తోయండి. సర్చూ దాటాక వచ్చే గాటా లూప్స్ ఎక్కుడులో 21 మలుపులు ఉంటాయి, చూస్తే భయమేస్తుంది గానీ వాలు మరీ నిటారు కాదు. మలుపుకొకసారి ఆగి నాలుగు గుక్కలు నీళ్లు తాగాం, మధ్యాహ్నం లోపే పైకి చేరాం. తంగ్‌లాంగ్ లా 5,328 మీటర్లు, అక్కడి గాలిలో మనకు దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే. అక్కడ వంద అడుగులకోసారి ఆగాను.

దిగడం గురించి మాత్రం డ్రైవర్‌గా చెప్పాలి. ఘాట్‌లో ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే జరుగుతాయి. బస్సులో బ్రేకు తొక్కిపట్టి దిగితే డ్రమ్ము వేడెక్కి బ్రేకు పట్టడం మానేస్తుంది. సైకిల్ డిస్క్ బ్రేకుదీ అదే గుణం. పట్టి ఉంచొద్దు. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలేయాలి, ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ వాడాలి, రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వాలి. కనుమ పైనే చెమట బట్ట మార్చుకుని, జాకెట్ లోపల ఛాతీ మీద వార్తాపత్రిక పరుచుకుని, మందపాటి గ్లవ్స్ వేసుకుని దిగండి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఎంత పడుతోందో తెలియదు. సైన్యం కాన్వాయ్ వస్తే కొండ వైపుకు జరిగి, సైకిల్ దిగి నిలబడండి. లోయ వైపు ఎప్పుడూ నిలబడొద్దు. అక్కడి రోడ్డు అంచు కింద మన్ను వదులుగా ఉంటుంది, పెద్ద బండి అద్దంలో మనం కనిపించం.

సైకిల్ ఖరీదైనదే ఉండాలని లేదు. ముందు చిన్న చక్రానికి 22 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్లు ఉంటే సామానుతో ఎక్కగలం. టైర్లు రెండంగుళాలవి. నాలుగు ట్యూబులు, అదనపు బ్రేకు ప్యాడ్లు, గేరు కేబుల్, చైన్ లింకు, కొన్ని స్పోకులు, క్యారియర్ బోల్టులు, ఒక డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను సైకిల్‌కు పట్టి ఉంచే ముక్క) తప్పనిసరి. ఢిల్లీ నుంచి మనాలీకి రాత్రి బస్సు డిక్కీలో పెట్టినప్పుడు మా హ్యాంగర్ వంగిపోయింది. అదనంగా ఒకటి ఉంది కాబట్టి సరిపోయింది. వెనక డిరైలర్‌ను ముందే విప్పి, గుడ్డ చుట్టి కట్టుకుంటే ఆ నష్టమే ఉండేది కాదు. కేలాంగ్ దాటాక లేహ్ దాకా సైకిల్ షాపు లేదు. ఇంటి దగ్గరే పంక్చర్ వేయడం, చైన్ కలపడం పదిసార్లు చేసి చూసుకోండి. మేం మూడు నెలలు ప్రతి ఆదివారం పన్నెండు కిలోల సామానుతో హార్సిలీ హిల్స్ ఎక్కాం. ఎత్తుకు అలవాటు అక్కడ రాదు. ఏ బోల్టు వదులవుతుందో, ఏ సంచీ కాలికి తగులుతుందో అక్కడే తెలిసిపోతుంది.

తిండికి లోటు లేదు. మఢీ నుంచి పాంగ్ దాకా గుడారాల ధాబాలు ఉంటాయి, పరుపులూ రజాయిలూ ఇస్తారు. సీజను సెప్టెంబరు మధ్యకు సన్నగిల్లుతుంది, అందుకని మేం చిన్న టెంటూ, స్టవ్వూ మోశాం, విస్కీ నాలా దగ్గర అవే పనికొచ్చాయి. అంత ఎత్తున నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో బియ్యం ఉడకదు. అటుకులు మోయండి, వేడినీళ్లు పోస్తే చాలు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అదే పెద్ద సమస్య. మా ఇంటావిడ కట్టిన కరివేపాకు పొడి, ఆవకాయ లేకపోతే నేను సగం భోజనాలు వదిలేసేవాణ్ని. పల్లీ చిక్కీ జేబులో పెట్టుకుని అరగంటకొక ముక్క తినేవాళ్లం. నీళ్లు రోజుకు నాలుగైదు లీటర్లు, దాహం వేయకపోయినా తాగాలి. వాగు నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. పెదవులకు, ముక్కు లోపలికి వ్యాసలిన్ తీసుకెళ్లండి. కొబ్బరి నూనె ఆ చలికి సీసాలో రాయిలా గడ్డకట్టింది. పొడుగు చేతుల చొక్కా, నల్ల కళ్లద్దాలు ఎంత వేడిగా ఉన్నా తీయొద్దు.

డబ్బు కేలాంగ్‌లోనే ఏటీఎంలో తీసుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్ పేమెంట్లు జరగవు. లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. దార్చా మొదలు మాకు చాలా రోజులు ఫోనే దొరకలేదు కాబట్టి, ఇంట్లో వాళ్లకు ఫలానా తేదీ వరకు ఫోన్ రాదని ముందే చెప్పండి. మా ఆవిడకు నేను హాల్టుల చార్టు కాపీ ఇచ్చి వెళ్లాను. లారీలో వెనక్కి వచ్చి రెండు రోజులు ఆలస్యమైనప్పుడు ఆ మాట చెప్పడానికి ఫోన్ దొరక్క నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. చార్టులో మూడు రోజులు అదనంగా రాసి ఇవ్వాల్సింది.

తంగ్‌లాంగ్ లా దిగాక రుమ్‌త్సే వస్తుంది. ఎన్నో రోజుల తర్వాత అక్కడ మళ్లీ పొలం కనిపిస్తుంది, బార్లీ కోతకు వచ్చి ఉంది. కళ్లంలో పనిచేస్తున్న ఒకావిడ "జూలే" అంది. అక్కడ నమస్కారానికీ, థ్యాంక్స్‌కీ అదే మాట. మేమూ జూలే అన్నాం, లోపలికి పిలిచి ఉప్పు వెన్న టీ పోసింది. మరుసటి రోజు ఉప్షీ దగ్గర సింధు నది ఒడ్డుకు చేరి, థిక్సే, షే మీదుగా లేహ్‌కు వెళ్లాం. ఉప్షీ దాకా దిగుడే, చివర్లో లేహ్‌కు మళ్లీ ఎక్కుడు ఉంటుంది. ఆ రోజుకు రెండు చిక్కీ ముక్కలు దాచుకోండి.