ప్రొస్టేట్ కణాలపై కాడ్మియం విషప్రభావం కొలవడం ఎలా

కాడ్మియాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ (ఐఏఆర్‌సీ) 1వ గ్రూపు క్యాన్సర్ కారకంగా లెక్కించింది. ఊపిరితిత్తుల విషయంలో ఆధారాలు గట్టివి, ప్రొస్టేట్ విషయంలో పరిమితం. అందుకే కణాల మీద చేసే ప్రయోగం పక్కాగా ఉండాలి. ఇందులో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే: డిష్‌లో పోసిన లోహమంతా కణానికి చేరిందనుకోవడం.

ఆరోగ్యమైన కణం ఎలా చెడుతుందో చూడాలంటే ఆర్‌డబ్ల్యూపీఈ-1 (ల్యాబ్‌లో నిరంతరం పెరిగేలా చేసిన, క్యాన్సర్ కాని ప్రొస్టేట్ కణాలు) వాడండి. పీసీ-3, డీయూ-145 అప్పటికే క్యాన్సర్ కణాలు, వాటిలో కణితిని అడ్డుకునే పీ53 ప్రొటీన్ సరిగా పనిచేయదు. ఆండ్రోజెన్ రిసెప్టర్ (పురుష హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్) గురించిన ప్రశ్నయితే ఎల్ఎన్‌క్యాప్ కణాలు తీసుకోండి.

ఆర్‌డబ్ల్యూపీఈ-1ని కెరటినోసైట్ సీరం-ఫ్రీ మీడియంలో, మి.లీ.కి 5 నానోగ్రాముల ఈజీఎఫ్ (కణాలను పెంచే ప్రొటీన్), 50 మైక్రోగ్రాముల పిట్యుటరీ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి పెంచాలి. డిష్ 70–80 శాతం నిండగానే పాసేజ్ చేయండి, అంటే కణాలను ఊడదీసి కొత్త డిష్‌లకు మార్చండి. ఈ మీడియంలో సీరం లేదు కాబట్టి కణాలను ఊడదీసే ట్రిప్సిన్ దానంతట అది ఆగదు. 2 శాతం సీరం కలిపిన పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పుద్రావణం)తో ఆపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవం పూర్తిగా తీసేయండి. ట్రిప్సిన్‌తో పాటు ఉండే ఈడీటీఏ మిగిలితే కాడ్మియాన్ని పట్టేస్తుంది. సీరంలోని ఆల్బుమిన్ చేసేదీ అదే. 10 శాతం సీరంలో పెరిగే పీసీ-3 ఫలితాన్ని దీనితో నేరుగా పోల్చకూడదు.

స్టాక్ (తర్వాత పలుచన చేసే గాఢ ద్రావణం) కోసం 18.3 మి.గ్రా. నీరులేని కాడ్మియం క్లోరైడ్‌ను కొంచెం శుద్ధజలంలో కరిగించి, మొత్తం 10 మి.లీ. చేస్తే 10 మిల్లీమోలార్ అవుతుంది. సీసా మీద రెండున్నర నీటి అణువుల హైడ్రేట్ అని ఉంటే 22.8 మి.గ్రా. తూచాలి. లేబుల్ చూడకపోతే అన్ని డోసులూ దాదాపు 20 శాతం తగ్గిపోతాయి. పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లవ్స్ వేసుకుని తూచండి. స్టాక్‌కు పీబీఎస్ వద్దు, ఫాస్ఫేట్‌తో లోహం అవక్షేపంగా దిగుతుంది. సీసంతో పనిచేసేటప్పుడు ఈ బాధ మరీ ఎక్కువ.

96 బావుల ప్లేట్‌లో బావికి 5,000 కణాలు, 100 మైక్రోలీటర్లలో వేసి 24 గంటలు అతుక్కోనివ్వండి. అంచు బావుల్లో పీబీఎస్ మాత్రమే పోయండి, అక్కడ ఆవిరి ఎక్కువ. తర్వాత మీడియం మార్చి 0, 1, 2.5, 5, 10, 20, 40 మైక్రోమోలార్ డోసులు, ఒక్కోటి ఆరు బావుల్లో ఇవ్వండి. అదే డోసుల్లో జింక్ క్లోరైడ్ కూడా ఒక వరుస పెట్టండి. మార్పు కాడ్మియానికే ప్రత్యేకమా, వేరే లోహం కూడా అలాగే చేస్తుందా అన్నది దానితో తెలుస్తుంది.

24, 48 గంటలకు ఎంటీటీ (బతికున్న కణాల జీవక్రియతో రంగు మారే పరీక్ష) చేయండి: లోహమున్న మీడియం తీసేసి, మి.లీ.కి 0.5 మి.గ్రా. ఎంటీటీ కలిపిన కొత్త మీడియం పోసి 3 గంటలు ఉంచండి. స్ఫటికాలను డీఎంఎస్‌ఓలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. ఎంటీటీ చూపేది కణం జీవక్రియను, చావును కాదు. ఎల్‌డీహెచ్ (చెడిన కణం నుంచి కారే ఎంజైమ్)తోనో, ట్రైపాన్ బ్లూ (చచ్చిన కణాలకు పట్టే రంగు)తోనో సరిచూడకుండా ‘కణాలు చచ్చాయి’ అని రాయకండి.

ఆక్సీకరణ ఒత్తిడి దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. కాడ్మియం తనంతట తాను ఫెంటన్ చర్య (పెరాక్సైడ్ నుంచి హానికర రాడికల్స్ పుట్టించేది) జరపదు. గ్లూటాథయోన్‌లాంటి వాటిలోని థయోల్ (గంధకమున్న) గుంపులను పట్టేసి, కణం రక్షణను ఖాళీ చేస్తుంది. 10 మైక్రోమోలార్ డీసీఎఫ్‌హెచ్-డీఏ (ఆక్సీకరణ జరిగితే వెలిగే రంగు) 30 నిమిషాలు పట్టించి, చావు మొదలవకముందే, తొలి గంటల్లోనే కొలవండి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ (ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం) ఇస్తే కణాలు బతికాయి కాబట్టి కారణం ఆక్సీకరణే అనడం చెల్లదు. ఆ సిస్టీన్ కాడ్మియాన్నే కట్టేసి ఉండొచ్చు, పైగా అది ఎంటీటీని నేరుగా క్షయకరణం చేస్తుంది. సిస్టీన్ ముందే ఇచ్చి, కడిగి, ఆ తర్వాతే లోహం ఇవ్వండి. కణాల్లోకి వెళ్లిన కాడ్మియాన్ని ఐసీపీ-ఎంఎస్ (లోహాల మోతాదు కొలిచే యంత్రం)తో కొలిచి, అది తగ్గలేదని తేలాకే కారణం ఆక్సీకరణ అనండి.

చావును కొలిచినంత మాత్రాన క్యాన్సర్ ప్రశ్న తేలదు. ఆర్‌డబ్ల్యూపీఈ-1 కణాలు 10 మైక్రోమోలార్ కాడ్మియంలో 8 వారాలకు క్యాన్సర్ లక్షణాలు పొందినట్టు 2001లో ప్రచురించారు. ఆర్సెనిక్ లవణమైన ఆర్సెనైట్‌కు 5 మైక్రోమోలార్, 29 వారాలు పట్టింది. ఇలాంటి దీర్ఘకాల ప్రయోగంలో అన్నే పాసేజ్‌లు దాటిన, లోహం తగలని కణాలు పక్కన తప్పనిసరి. రెండు వారాలకోసారి రెండింటినీ ఫ్రీజ్ చేయండి. లోహాన్ని కట్టేసే మెటలోథయోనిన్ ప్రొటీన్ పెరిగి కణాలు కాడ్మియాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయి. అలా తట్టుకోవడమే క్యాన్సర్‌గా మారడం కాదు, అందుకు సాఫ్ట్ అగార్ (మెత్తటి జెల్)లో కాలనీలు చూడాలి. వాడిన మీడియాన్ని సింక్‌లో పారబోయకుండా, లోహం పేరు రాసిన సీసాలో విడిగా పోగుచేసి ప్రమాదకర వ్యర్థాల విభాగానికి ఇవ్వండి.