మజిల్‌లోడర్ వేట, 4వ పాఠం: మీ తుపాకీ ఈ సీజన్‌లో చెల్లుతుందా?

మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతి నుంచి నింపే తుపాకీ. అందులో తుపాకీ మందు పోసి, గుండు దించి, కడ్డీతో అదమడం వరకు కిందటి పాఠంలో అయిపోయింది. ఈసారి వేట రూల్‌బుక్ చదవడం నేర్చుకుందాం. ముందే చెప్పేస్తున్నా, ఇదంతా అమెరికా సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి, నాటు తుపాకీ పట్టుకుని అడవిలోకి వెళ్తే నేరుగా కేసే.

అమెరికాలో షాపుకెళ్లి మజిల్‌లోడర్ అడిగితే ఎక్కువగా చూపించేది .50 క్యాలిబర్ ఇన్‌లైన్, అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం, నిప్పు పుట్టేది మందుకు సరిగ్గా వెనకే. దానికి నిప్పు పుట్టించే 209 ప్రైమర్, పైన స్కోప్, పక్కన పెల్లెట్ల (బిళ్లలుగా అచ్చుపోసిన మందు) డబ్బా, ప్లాస్టిక్ తొడుగున్న సాబో గుళ్లు. సెట్ బాగానే ఉంటుంది. దీన్నే మూడు రాష్ట్రాలకు తీసుకెళ్లి చూద్దాం.

మొదట కొలరాడో. అక్కడ మజిల్‌లోడర్ సీజన్ సెప్టెంబర్‌లో, ఎల్క్ (పెద్ద జాతి జింక) మగవి అరుస్తూ తిరిగే రోజుల్లో వస్తుంది. అంత మంచి సమయాన్ని ఈ తుపాకీవాళ్లకు ఇస్తున్నారంటే, దూరం నుంచి కొట్టలేరన్న లెక్క మీదే. అందుకే ఇన్‌లైన్‌ను ఒప్పుకుంటారు గానీ, దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించే స్కోప్‌ను ఒప్పుకోరు. పెల్లెట్లు కుదరవు, విడి పొడి కొలిచి పోయాల్సిందే. సాబో కూడా కుదరదు. జింకకైతే కనీసం .40 క్యాలిబర్, ఎల్క్‌కైతే .50 ఉండాలి.

సాబో దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. రేకులు చీల్చిన చిన్న ప్లాస్టిక్ గిన్నె, అందులో సన్నని గుండు కూర్చుని ఉంటుంది. .50 గొట్టంలో .45 గుండు వాడాలంటే మధ్య సందు నింపేది ఈ ప్లాస్టిక్కే. గొట్టం దాటగానే రేకులు విచ్చుకుని అది రాలిపోతుంది, సన్నని గుండు వేగంగా పోతుంది. గుండ్రటి గుండుకు చుట్టే గుడ్డ ముక్క సాబో కింద లెక్కకు రాదు. దాన్ని కొలరాడో, ఐడహో రెండూ ఒప్పుకుంటాయి.

ఐడహో ఇంకా గట్టిది. అక్కడి మజిల్‌లోడర్ ఓన్లీ సీజన్లలో సాబో, పెల్లెట్లు, స్కోప్‌తో పాటు 209 ప్రైమర్ కూడా నిషేధం. చెకుముకి రాయి గానీ, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీలు, అంటే పెర్కషన్ క్యాప్ లేదా మస్కెట్ క్యాప్ గానీ వాడాలి. క్యాప్ పెట్టి, దాన్ని కొట్టే గుర్రాన్ని (తుపాకీ సుత్తిని) వెనక్కి లాగాక ఆ క్యాప్‌లో కొంచెమైనా బయటికి కనిపించాలి. వాన పడితే తడిసేది ఆ క్యాపే, ఆ టెన్షన్ వేటగాడికి ఉండాలన్నదే ఉద్దేశం. గుండు వ్యాసానికీ గొట్టం వ్యాసానికీ తేడా 0.010 అంగుళం దాటకూడదు. పెల్లెట్ల మీద ఇంత పట్టుదల ఎందుకో నాకు పెద్దగా అర్థం కాదు గానీ, బయటికి కనిపించే క్యాప్ రూల్ మాత్రం న్యాయమే.

పెన్సిల్వేనియాది వేరే కథ. అక్టోబర్‌లో కొమ్ములు లేని జింకల మజిల్‌లోడర్ సీజన్‌కు మన ఇన్‌లైన్ స్కోప్‌తో సహా చెల్లుతుంది. క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే సీజన్‌కు మాత్రం చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్ ఒక్కటే. 1974 నుంచి నడుస్తున్న సీజన్ అది. రాయి ఉక్కుకు తగిలి, నిప్పు రవ్వ పళ్లెంలోని మందు మీద పడి, అప్పుడు లోపలి మందు అంటుకోవాలి. ట్రిగ్గర్ నొక్కాక కూడా గురి కదలకుండా నిలబడటం అక్కడ అసలు పని.

ఇక మీ వంతు. మీ రాష్ట్రం ఈ ఏడాది వేసిన రూల్‌బుక్ తెరవండి, పాతది వద్దు, ఈ రూల్స్ మారుతుంటాయి. తుపాకీని వెనక నుంచి ముందుకు చూసుకుంటూ రండి. నిప్పు దేంతో పుడుతుంది? మందు పొడా, పెల్లెట్లా? గురి చూసేది ఇనుప సైట్‌తోనా, అద్దంతోనా? గుండు గొట్టానికి నేరుగా సరిపోతుందా, మధ్యలో ప్లాస్టిక్ ఉందా? ఒక్కోదానికి ఎదురుగా రూల్‌బుక్ పేజీ నంబరు రాసుకోండి. పేజీ దొరకనిది ఏదైనా ఉంటే వేట శాఖకు ఫోన్ చేసి అడగండి. షాపువాడిని అడగొద్దు, జరిమానా కట్టేది వాడు కాదు.

5వ పాఠంలో: పెల్లెట్లు మానేసి విడి పొడి కొలవడం.